ఎవరూ పడని వార్డు

గుండె ఆపరేషన్ అయినవాళ్ళను ఉంచే ఆ వార్డు తలుపు పక్కన ఒక చిన్న నల్లబోర్డు ఉంది. పలక కన్నా కాస్త పెద్దది, అంతే. దాని మీద తెల్ల పెయింటుతో "ఈ వార్డులో రోగి పడిపోకుండా గడిచిన రోజులు" అని రాసి, కింద సుద్దముక్కతో అంకె వేయడానికి చోటు వదిలారు. రోజూ ఉదయం ఏడింటికి డ్యూటీ ఎక్కగానే, ఇంకా చెప్పులు కూడా మార్చుకోకుండా, పెద్ద సిస్టరు ఆ అంకె చెరిపి, ఒకటి కలిపి, మళ్ళీ రాసేది. ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టదు. సెలవు పెట్టిన రోజున ఇంటి నుంచి ఫోన్ చేసి "అంకె మార్చారా?" అని అడిగి, మార్చలేదంటేనే స్థిమితపడేది. మర్నాడు వచ్చి తనే రెండు కలిపి రాసుకోవచ్చు.

ఆ రోజు అంకె 1,486. అంటే నాలుగేళ్ళు దాటింది.

ఆ నాలుగేళ్ళకు ముందు ఒక లెక్కల మాస్టారు ఉండేవాడు. అదే వార్డులో, రెండో మంచం మీద. పెద్ద సిస్టరు ఫోన్ ఎత్తడానికి అటు తిరిగిన క్షణంలో, ఎవరికీ చెప్పకుండా బాత్రూంకి వెళ్దామని దిగి, కాలు జారి, తుంటి విరగ్గొట్టుకున్నాడు. దానికి పెద్ద సిస్టరు పధ్నాలుగు పేజీల సంజాయిషీ రాసుకుంది. రాయడం పెద్ద బాధ అనిపించలేదు. కానీ ఆ మాస్టారు నొప్పితో మూలుగుతూనే "నీ తప్పేం లేదులేమ్మా" అన్నాడు చూడండీ, ఆ మాట ఆమెకు ముల్లులా దిగబడిపోయింది. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేది. అప్పటి నుంచి ఆ వార్డులో మంచాల పక్క కమ్మీలు ఎప్పుడూ పైకే ఉండేవి.

ఇంత పదిలంగా పెంచుకున్న అంకెకు మూడు నెలల కిందట ఒక గండం వచ్చింది. కసరత్తులు చేయించే మనిషిని ఒకడిని కొత్తగా ఈ వార్డుకు వేశారు. నలభై దాటినవాడు, పొట్టి, బొద్దు, ఎప్పుడు చూసినా చెమటలు కక్కుతూ ఉంటాడు. ఆపరేషన్ అయిన మర్నాడే రోగిని లేపి కూర్చోబెట్టాలి, కూర్చున్నవాణ్ణి నిలబెట్టాలి, నిలబడ్డవాణ్ణి నడిపించాలి, అప్పుడే ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి, ఒంట్లో సత్తువ కరిగిపోకుండా ఉంటుంది అని అతని వాదన. నర్సులు అతనికి "లేపుడు మాస్టారు" అని పేరు పెట్టారు. మొదటి వారంలోనే ఒక రోగి కూతురితో నవ్వుతూ "మీ నాన్నగారిని రేపు లేపేస్తాం" అన్నాడు. ఆ పిల్ల గొల్లుమంది. పెద్ద సిస్టరు అతన్ని పక్కకు పిలిచింది.

"లేపుతాం అనండి మాస్టారూ. లేపేస్తాం అనకండి. అసలే ఇది గుండెల వార్డు."

పాపం, ఆ మూడు నెలల్లో అతను లేపింది ఇద్దరిని. అందులో ఒకాయన, ఇంటికి పంపిస్తున్నారని తెలిసి తనంతట తనే లేచాడు.

ఎందుకిలా జరుగుతోందో తేల్చుకుందామని లేపుడు మాస్టారు ఒక ప్రశ్నల కాగితం తయారుచేసి, వార్డులో పనిచేసే పదకొండు మందికీ పంచాడు. "రోగిని తొందరగా లేపి నడిపించడం అవసరమేనా?" అన్నది మొదటి ప్రశ్న. పదకొండు మందీ "చాలా అవసరం" అన్న చోట టిక్కు పెట్టారు. ఒకరైతే రెండు టిక్కులు పెట్టారు. "మరి ఎందుకు జరగడం లేదు?" అన్నది రెండో ప్రశ్న. డాక్టర్లు, నర్సులకు తీరిక లేదని రాశారు. నర్సులు, డాక్టర్లు గట్టిగా చెప్పడం లేదని రాశారు. మత్తు డాక్టరు, అంటే ఆపరేషన్లకు మత్తు ఇచ్చి తర్వాత వార్డులో ఊపిరి సంగతి చూసుకునే సన్నపాటి మనిషి, కసరత్తు విభాగం వారు సరైన సమయానికి రారని రాశాడు. పెద్ద సిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో రోగుల క్షేమం గురించి పేజీకి పైగా రాసింది. చదివితే ఎవరికైనా దండం పెట్టాలనిపిస్తుంది. అందులో ఎందుకు జరగడం లేదన్న ముక్క మాత్రం లేదు.

ఆయమ్మకు రాయడం రాదు గనక నోటితో చెప్పింది.

"లేపితే కూర్చోబెట్టాల గదయ్యా? కుర్చీ ఏదీ? ఆ కుర్చీ మీద సామానంతా నీ నెత్తిన పెట్టుకుంటావా?"

నిజమే. వార్డు మొత్తానికి రోగులను కూర్చోబెట్టడానికని కొన్న నీలం కుర్చీ ఒకటుంది. పెద్ద చేతులు, చక్రాలు, వెనక్కి వాలే వీపు, అన్నీ ఉన్నాయి. అది వచ్చిన రోజు నుంచి దాని మీద ఫైళ్ళు కూర్చున్నాయి.

ఆ పరిస్థితుల్లో నాలుగో మంచం మీదికి కండక్టరు వచ్చాడు.

ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి కిందటేడు రిటైరైన మనిషి. గుండెకు మూడు చోట్ల దారులు మూసుకుపోతే కొత్త దారులు వేశారు. నాలుగు రోజులైంది. గొంతులో గొట్టం రెండో రోజే తీసేశారు. మాట బాగానే ఉంది, తిండి కొద్దిగా తింటున్నాడు. ఊపిరే అందడం లేదు. నాలుగు మాటలు అంటే ఒకసారి ఆగాలి.

ఆ ఉదయం పెద్ద డాక్టరు రౌండుకు వచ్చి ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఎడమ ఊపిరితిత్తి అడుగున మూతపడింది. ఈయన్ని లేపారా?"

పెద్ద సిస్టరు దుప్పటి అంచు సర్దింది.

"నిన్న లేపమన్నాను కదా?"

"లేపుదామనే అనుకున్నాం సార్" అంది పెద్ద సిస్టరు.

"మొన్న?"

"మొన్న కూడా అనుకున్నాం సార్" అన్నాడు మత్తు డాక్టరు.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఆయనకు కోపం వస్తే కళ్ళజోడు శుభ్రమవుతుంది.

"ఇవాళ లేపండి. నడిపించండి. నాలుగు గంటలకు ఇంకో ఎక్స్‌రే తీయండి. అప్పటికీ ఇలాగే ఉంటే మళ్ళీ గొట్టం వేసి ఊపిరి మిషను మీద పెట్టాలి. ఈసారి మిషను ఎక్కితే దిగడం అంత తేలిక కాదు."

అందరూ తలూపారు. లేపుడు మాస్టారు అందరికన్నా గట్టిగా ఊపాడు. పెద్ద డాక్టరు ఆపరేషన్ గదికి వెళ్ళిపోయాడు.

"సారు ఏమన్నారు సిస్టరమ్మా?" అని అడిగాడు కండక్టరు.

"విశ్రాంతి తీసుకోమన్నారు" అంది పెద్ద సిస్టరు. అన్న తర్వాత నాలుక కరుచుకుంది. ముప్పై ఏళ్ళ అలవాటు, నోరు తనంతట తనే అనేసింది.

తొమ్మిదింటికి లేపుడు మాస్టారు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. మత్తు డాక్టరు మంచం పక్క తెర మీది బీపీ అంకె చూసి "కొంచెం తక్కువుంది. కాస్త పెరగనివ్వండి" అన్నాడు. పదింటికి మాస్టారు మళ్ళీ వచ్చాడు. బీపీ చక్కగా ఉంది.

"ఇప్పుడే కదా కుదుటపడింది" అన్నాడు మత్తు డాక్టరు. "కదిపి పాడుచేయడం దేనికి?"

"తక్కువుంటే లేపొద్దంటారు, బాగుంటే లేపొద్దంటారు. మరి ఎప్పుడు లేపాలి సార్?"

"నేను వద్దన్నానా? నేను పూర్తిగా మీ వైపే. మీ కాగితంలో రెండు టిక్కులు పెట్టింది నేనే."

పదకొండింటికి చూడవచ్చేవాళ్ళ వేళ. పన్నెండింటికి తిండి. తిన్నాక వెంటనే కదపకూడదని ఒక నర్సు అంది. పన్నెండున్నరకు, కాస్త కునుకు పట్టింది పాపం పడుకోనివ్వండి అని ఇంకో నర్సు అంది. మాస్టారు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కారణం ముందే కూర్చుని ఉండేది. అలా ఒక్కో కారణం వచ్చినప్పుడల్లా పెద్ద సిస్టరుకు లోపలెక్కడో బిగుసుకున్నది కొంచెం వదులయ్యేది. అది తనకు తానే ఒప్పుకోలేదనుకోండి. ఏదో పనున్నట్టు ఫైళ్ళు సర్దేది.

చూడటానికి వచ్చిన కండక్టరు భార్య మాత్రం ఒంటిగంటైనా కదల్లేదు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఎన్నిసార్లు బయటికి వెళ్ళమన్నా "ఆ, వెళ్తున్నా" అంటూ అక్కడే ఉంది.

"సిస్టరమ్మగారూ, ఒక్కమాట అడుగుతా, ఏమనుకోకండి. ఈయన నిజంగా మా ఆయనేనా?"

"అదేంటమ్మా?"

"పెళ్ళయ్యాక ఈయన పగటిపూట పడుకోవడం నేను చూళ్ళేదు. అన్నం కూడా నిలబడే తింటారు. కుర్చీ వేస్తే దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడతారు. మా అమ్మాయి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఈయన నిలబడ్డారని వాళ్ళూ నిలబడే మాట్లాడి వెళ్ళిపోయారు. అలాంటి మనిషిని నాలుగు రోజులు ఇలా చూస్తుంటే, వేరే వాళ్ళాయన్ని నాకు అప్పగించారేమో అనిపిస్తోంది."

"ఊరుకోవే" అన్నాడు కండక్టరు కళ్ళు మూసుకునే. "సిస్టరమ్మకు... పనుంటుంది."

ఆ మాటల మధ్య ఆయన ఆగిన చోట పెద్ద సిస్టరు ఆయన ఛాతీ వంక చూసింది. ఊపిరి లెక్కపెట్టింది. ఉదయం కన్నా ఎక్కువైంది. మంచం పక్కనున్న మూడు బంతుల డబ్బా తీసి నోటికి అందించింది. గొట్టంలోంచి గాలి లోపలికి లాగితే బంతులు లేవాలి. మూడూ లేస్తే ఊపిరి భేష్. నిన్న ఒక బంతి పైకంటా లేచింది. ఇవాళ అదే బంతి సగం దాకా ఎక్కి, ఆలోచించుకుని, దిగిపోయింది.

"ఫుల్లు లోడు... బండి ఘాటు రోడ్డు ఎక్కట్లేదమ్మా" అని నవ్వబోయాడు ఆయన. దగ్గు వచ్చింది. దగ్గుతుంటే కోసి కుట్టిన ఛాతీ పట్టుకుని విలవిల్లాడిపోయాడు. భార్య గొంతు మొదటిసారి చిన్నదైపోయింది.

"మళ్ళీ ఆ గొట్టం వేస్తారా అమ్మా? నాతో ఎవరూ చెప్పలేదు, తలుపు దగ్గర విన్నాను."

పెద్ద సిస్టరు గడియారం చూసింది. ఒంటిగంట పది. రెండింటికి డ్యూటీ మారుతుంది. రెండో డ్యూటీ వాళ్ళు మేమిప్పుడే వచ్చాం, కాస్త చూసుకోనివ్వండి అంటారు. చూసుకునేసరికి మూడు. అప్పుడు ఎక్స్‌రే మిషను వచ్చేస్తుంది, ఇప్పుడెందుకు కదపడం అంటారు. ఆమె ఆ స్థానంలో ఉంటే అదే అంటుంది. ఇదంతా ఆమెకు అరచేతిలో గీతలా కనబడింది. తలుపు వైపు చూసింది. 1,486. ఇటు చూసింది. డబ్బా అడుగున మూడు బంతులూ కూర్చుని ఉన్నాయి.

నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసింది.

"ఆయమ్మా, కుర్చీ ఖాళీ చెయ్యి."

"ఏ కుర్చీ?" అంది ఆయమ్మ.

"నీలం కుర్చీ."

వార్డు మొత్తం ఇటు తిరిగింది. ఆయమ్మ చీరకొంగు నడుముకు చెక్కి పని మొదలుపెట్టింది. ఫైళ్ళు, దుప్పట్లు, ఎక్స్‌రే కవర్లు, పనిచేయని బీపీ పట్టీ, అంతకుముందు ఏడాది క్యాలెండరు, ఎవరిదో గొడుగు, అన్నీ దిగుతున్నాయి. అడుగుకు వచ్చేసరికి ఆయమ్మ కేక పెట్టింది.

"అమ్మో! నా టిఫిను డబ్బా మూత! ఎనిమిది నెలల్నించి నేనూ నా కోడలూ దీనికోసమే కొట్టుకు చస్తున్నాం!"

ఈలోగా పెద్ద సిస్టరు గోడ అలమారా తాళం తీసి, చేత్తో పట్టుకుని నడిచే చిన్న తెర మిషనును బయటికి తెచ్చింది. మంచం పక్కనున్న పెద్ద తెరకు వైర్లు రెండు గజాలే. రోగి అంతకన్నా దూరం నడవాలంటే ఈ చిన్నది ఉండాలి. కొని మూడేళ్ళైంది. వాడితే పాడైపోతుందని ఆమే తాళం వేసింది. ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది. ఆమె కవరు చింపుతుంటే మత్తు డాక్టరు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"కవరు తీసేస్తున్నారా సిస్టర్?"

"తీసేస్తున్నాను సార్. మీరే పట్టుకోవాలి దీన్ని. ఆయన ముందు నడవండి, వెనక్కి వెనక్కి. అంకెలు తేడాగా ఉంటే చెప్పండి. అప్పుడు ఆపేద్దాం."

మూడు నెలలుగా ఎదురుచూసిన ఘడియ ఎదురుగా వచ్చి నిలబడితే ఏం చేయాలో లేపుడు మాస్టారుకు తోచలేదు. రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు.

ముందు మంచం కమ్మీలు దించి, కండక్టరును పక్కకు తిప్పి, కాళ్ళు కిందికి వేలాడదీసి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. ఛాతీకి దిండు ఇచ్చి, దగ్గు వస్తే దీన్ని గట్టిగా హత్తుకోండి అని చెప్పారు. ఆయన దాన్ని ఎడమ చంకన పెట్టి, టిక్కెట్ల సంచిలా సర్దుకున్నాడు.

"చేతులు పైకెత్తి దేన్నీ పట్టుకోకూడదు" అన్నాడు మాస్టారు. "ఛాతీ ఎముక అతుక్కునేదాకా చేతులతో బరువు మోపకూడదు."

"పట్టుకునేది... ప్యాసింజర్లు మాస్టారూ. నేను పట్టుకుని నిలబడితే... టిక్కెట్లు ఎవరు కొడతారు?"

లేచాడు. నిజంగానే లేచాడు. ఒకసారి ఊగి, నిలదొక్కుకున్నాడు. భార్య నోట్లో కొంగు కుక్కుకుంది.

ఇప్పుడు ఊరేగింపు సిద్ధమైంది. ముందు చిన్న తెర పట్టుకుని వెనక్కి నడవడానికి మత్తు డాక్టరు. ఎడమ పక్క, కండక్టరు నడుముకు కట్టిన పట్టీ పట్టుకుని లేపుడు మాస్టారు. కుడి పక్క పెద్ద సిస్టరు. ఆమె వెనక, ఛాతీలోంచి నీరు దిగే డబ్బాలూ మూత్రం సంచీ రెండు చేతుల్లో పట్టుకుని ఒక నర్సు. అటువైపు చక్రాల ఆక్సిజన్ సిలిండరు తోస్తూ ఇంకో నర్సు. అందరి వెనక నీలం కుర్చీ తోస్తూ ఆయమ్మ. కండక్టరు మధ్యలో.

ఎవరూ కదల్లేదు.

మాస్టారు పెద్ద సిస్టరు వంక చూశాడు, ఆవిడ చెప్పాలి కదా అని. పెద్ద సిస్టరు మత్తు డాక్టరు వంక చూసింది, తెర ఆయన చేతిలో ఉంది కదా అని. మత్తు డాక్టరు మాస్టారు వంక చూశాడు, నడిపించేది అతను కదా అని. నర్సులు ఈ ముగ్గురి వంకా చూశారు. ఆయమ్మ కుర్చీ చక్రం వంక చూసింది. అర నిమిషం అయింది. ముప్పావు నిమిషం అయింది. అందరూ ఒప్పుకున్నవాళ్ళే, అందరూ పట్టుకున్నవాళ్ళే, ఎవరి కాలూ లేవలేదు.

కండక్టరు తల తిప్పి అందరినీ ఒకసారి చూశాడు.

"ఏంటమ్మా, ముందు ఏమైనా అడ్డం వచ్చిందా?"

"లేదండీ" అన్నాడు మత్తు డాక్టరు వెనక్కి చూసి.

"ఎవరైనా ఎక్కాలా ఇంకా?"

"లేదు."

"మరి ఇంకేం?" అన్నాడాయన. దిండు సర్దుకుని, ఖాళీ చేత్తో మంచం కాళ్ళవైపు కమ్మీ మీద తప తప మని రెండు దెబ్బలు వేసి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు. "రైట్ రైట్!"

కాళ్ళు కదిలిపోయాయి. తమ కాళ్ళు తమను అడక్కుండా కదిలాయని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. జీవితమంతా బస్సులెక్కినవాళ్ళు మరి, ఆ కేక వింటే ఒళ్ళు ముందుకే పోతుంది. సిలిండరు కదిలింది, డబ్బాలు కదిలాయి, కుర్చీ చక్రం కిర్రుమంది.

"ఒకటి... రెండు..." అని మాస్టారు అడుగులు లెక్కపెడుతున్నాడు.

"వెనక పైపు పట్టుకున్నమ్మా, కొంచెం ముందుకు జరుగు. మధ్యలో ఖాళీ ఉంది. సిలిండరమ్మా, నీ లగేజీ లోపలికి తీసుకో, దారికి అడ్డం."

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది" అంది పెద్ద సిస్టరు.

"మాట్లాడకుండా... ఎప్పుడూ నడవలేదమ్మా నేను."

రెండో మంచం దాటారు. వెనక్కి నడుస్తున్న మత్తు డాక్టరు తెర మీది అంకెలనే చూస్తూ వెనక ఏముందో చూసుకోలేదు. ఉతికిన దుప్పట్ల బండికి మోకాళ్ళ వెనక తగిలి, దాని మీద చతికిలబడ్డాడు. తెర మిషను మాత్రం పైకెత్తి పట్టుకునే ఉన్నాడు.

"సార్, అది లేడీస్ సీటు" అన్నాడు కండక్టరు. "లేవండి."

ఆయమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీ వదిలేసింది. మత్తు డాక్టరు ఎర్రబడిన మొహంతో లేచి "బీపీ బాగుంది, ఆక్సిజన్ పెరిగింది" అని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

పదిహేను, పదహారు. తలుపు దగ్గరికి వచ్చారు. అక్కడ తిరిగి వెనక్కి రావాలి. కండక్టరు ఊపిరి కోసం ఆగి, గోడ మీది నల్లబోర్డు చదివాడు.

"ఇదేంటమ్మా ఈ లెక్క?"

"ఇక్కడ ఎవరూ పడిపోకుండా గడిచిన రోజులండీ" అంది పెద్ద సిస్టరు. ఆ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ కాస్త నిటారుగా నిలబడేది. ఇప్పుడూ అలాగే నిలబడింది.

"పద్నాలుగొందల ఎనభై ఆరు. అబ్బో." ఆయన మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. "ఇన్ని రోజుల్లో... ఎంతమంది నడిచారమ్మా?"

ఆమె లేపుడు మాస్టారు వైపు చూసింది. మాస్టారు పైకప్పు వైపు చూశాడు.

"మా డిపోలో ఒక బండి ఉండేదిలెండి. పదేళ్ళు ఒక్క యాక్సిడెంటు లేదు. బోర్డు కూడా కట్టారు దానికి." ఊపిరి తీసుకున్నాడు. "ఇంజను లేదు దానికి."

నవ్వడానికి ఎవరికీ టైం దొరకలేదు. ఎందుకంటే ఆ మాట అంటూనే వెనక్కి తిరగబోయిన కండక్టరు మోకాళ్ళు ఒక్కసారిగా మెత్తబడిపోయాయి. పెద్ద సిస్టరు చేతి మీద ఒక మనిషి బరువంతా వాలింది. ఆమె చెవుల్లో "నీ తప్పేం లేదులేమ్మా" అన్న మాట నాలుగేళ్ళ కిందటి గొంతుతో వినబడింది. ఆమె కాళ్ళు వెడల్పు చేసి, భుజం ఆయన చంక కింద పెట్టి, అటు మాస్టారు పట్టీ బిగించి లాగుతుంటే, ఇటు తన ఒళ్ళంతా గోడ చేసి నిలబడింది.

"కుర్చీ!"

ఆ కేక ఎంత పెద్దదంటే, "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు ఆమె తల మీదే ఉంది, అది ఊగింది. కుర్చీ రెండు గజాల వెనక ఉండిపోయింది, ఆయమ్మ నవ్వడానికి వదిలేసింది కదా. కండక్టరు భార్య ఎక్కడి నుంచి వచ్చిందో, కుర్చీని తోసుకుంటూ వచ్చి మొగుడి మోకాళ్ళ వెనక ఆనించింది. ఆయన మెల్లగా దిగి కూర్చున్నాడు. కింద ఏదో పటపటమంది.

"ఏదో ఉంది నా కింద."

"ఎక్స్‌రే కవరు" అంది ఆయమ్మ సిగ్గుపడుతూ. "ఒకటి మిగిలిపోయినట్టుంది."

"సరే. స్టాపు వచ్చింది. దిగాల్సినవాళ్ళు దిగండి" అని కళ్ళు మూసుకున్నాడు కండక్టరు. చెమట పట్టింది, ఆయాసం ఉంది, ఆ ఆయాసంలో ఊపిరి మాత్రం అడుగుదాకా వెళ్తోంది. పెద్ద సిస్టరు ఆయన ముందు నేల మీదే మోకాళ్ళ మీద కూర్చుని నాడి పట్టుకుంది. ఎవరి నాడి అంత వేగంగా కొట్టుకుంటోందో మొదట ఆమెకు అర్థం కాలేదు. ఆయనది కాదు.

"పడలేదు కదమ్మా" అన్నాడు ఆయన మెల్లగా. "నువ్వు పట్టుకున్నావుగా."

ఆమె తలూపింది. ముక్కు తుడుచుకుని, "ఆయమ్మా, ఫైళ్ళు మళ్ళీ దీని మీద పెట్టావంటే నీ డబ్బా మూత నేను దాచేస్తాను" అంది.

ఆయన్ని ఆ కుర్చీలోనే మంచం పక్కకు తీసుకెళ్ళి గంటన్నర కూర్చోబెట్టారు. మూడింటికి ఇంకోసారి లేచి, రెండో మంచం దాకా వెళ్ళి వచ్చాడు. రెండో డ్యూటీ వాళ్ళు మేమిప్పుడే వచ్చాం అన్నారు. పెద్ద సిస్టరు డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు గనక, "అయితే పట్టుకోండి" అని చెరో గొట్టం చేతిలో పెట్టింది.

నాలుగింటికి ఎక్స్‌రే తీశారు. పెద్ద డాక్టరు ఆపరేషన్ గది నుంచి టోపీ కూడా తీయకుండా వచ్చి వెలుతురుకు పెట్టి చూశాడు. అద్భుతాలేమీ జరగలేదు. పొద్దున తెల్లగా మూసుకుపోయి ఉన్న చోట అంచున కొంచెం నలుపు వచ్చింది, అంతే. గాలి వెళ్తే నలుపు వస్తుందట.

"పర్లేదు" అన్నాడు. "గొట్టం వద్దు. రేపు రెండింతలు నడిపించండి." కళ్ళజోడు తుడవకుండానే వెళ్ళిపోయాడు.

కండక్టరు భార్య పెద్ద సిస్టరు రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఆయనే సిస్టరమ్మగారూ. అనుమానం తీరిపోయింది. తోస్తుంటే కూడా, నువ్వు కుర్చీ సరిగ్గా పట్టుకోలేదని తిట్టారు."

మూడో రోజుకు కండక్టరు మామూలు వార్డుకు నడిచి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ప్రతి మంచం దగ్గరా ఆగి "ఏం, వస్తారా?" అని అడిగాడు. ఆరో మంచం మీద ఒక మామ్మగారు ఉంది. గుండెలో కవాటం మార్చారు. ఐదు రోజులుగా గోడవైపు తిరిగి పడుకుని, అడిగినదానికల్లా ఊఁ అనడం తప్ప మాట్లాడలేదు. ఆవిడ కూడా ఇటు తిరిగి చూసింది.

ఆ మర్నాడు ఉదయం పెద్ద సిస్టరు వార్డులోకి రాగానే ఆరో మంచం దగ్గర నుంచి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్, నాకు సీటు ఉంటుందా ఇవాళ?"

పెద్ద సిస్టరు చెప్పులు కూడా మార్చుకోకుండా అటే వెళ్ళింది. మామ్మగారి బీపీ చూసింది, గొట్టాలు చూసింది, లేపుడు మాస్టారుకు ఫోన్ చేసింది. అతను పరుగున వచ్చాడు. మత్తు డాక్టరు చిన్న తెర తీసుకుని, ఈసారి వెనక దుప్పట్ల బండి ఎక్కడుందో ముందే చూసుకుని నిలబడ్డాడు. ఆయమ్మ ఖాళీ కుర్చీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మామ్మగారు దిండు హత్తుకుని లేచి నిలబడింది. అంత సన్నటి మనిషి, ఒక చేత్తో ఎత్తుకోవచ్చు.

అంతా సిద్ధం.

మాస్టారు పెద్ద సిస్టరు వంక చూశాడు. మత్తు డాక్టరు మాస్టారు వంక చూశాడు. నర్సులు ఒకరినొకరు చూసుకున్నారు. అందరూ పట్టుకున్నవాళ్ళే. ఎవరి కాలూ లేవలేదు.

మామ్మగారు అటూ ఇటూ చూసి, "ఆగిపోయిందేం?" అంది.

పెద్ద సిస్టరుకు చెవుల దాకా వేడెక్కింది. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఈ వార్డులో గొంతు పెంచినవాళ్ళను తిట్టడమే ఆమె పని. ఒకసారి గొంతు సవరించుకుంది. ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి మంచం కమ్మీ మీద తప తప మని రెండు దెబ్బలు వేసింది.

"రైట్ రైట్!"

కదిలారు. తలుపు దగ్గర తిరిగేటప్పుడు మామ్మగారు బోర్డు మీది అంకె చూసింది. అది నిన్నటిదే. ఆ పూట మార్చడం పెద్ద సిస్టరు మర్చిపోయింది.